సంఘంలో పదకొండేళ్లుగా సేవ చేస్తున్న అక్కకు సన్మానం: శాలువా, షీల్డు కాకుండా ఏం చేయొచ్చు?

సింగరాయకొండ_యూత్ (ప్రశ్న)

అందరికీ వందనాలు. మాది సింగరాయకొండ, టంగుటూరు మధ్య ఒక పల్లెలో 70 కుటుంబాల బాప్టిస్టు సంఘం. సంఘంలో ఒక అక్క ఉన్నారు, వయసు యాభై దాటింది. జీతం లేదు, పదవి లేదు. ఇంటింటి గుప్పెడు బియ్యం పోగుచేసి లేనివాళ్లకు పంచుతారు. తోడు లేని పేషెంట్లను ఒంగోలు పెద్దాసుపత్రికి తీసుకెళ్లి మళ్లీ ఇంట్లో దించుతారు. సాయంత్రం చర్చి వరండాలో పిల్లల్ని చదివిస్తారు. పదకొండేళ్ల నుంచి ఇదే వరస. సంఘంలో వాళ్లకే కాదు, ఊళ్లో ఎవరికైనా.

ఈ ఏడు ఆమెను సన్మానించాలని కమిటీలో అనుకున్నారు. 15 వేలు అనుకున్నారు. పెద్దల లెక్క ఏందంటే ఫ్లెక్సీ, శాలువా, షీల్డు, ఆదివారం బిర్యానీ. యూత్‌లో చాలామందికి ఇది రుచించలా. ఆ అక్కేమో "నాకెందుకయ్యా ఇవన్నీ, దేవునికి మహిమ చాలు" అంటున్నారు. ఏ రోజు పెట్టుకోవాలి, పత్రంలో ఏం రాయాలి, ఏం ఇస్తే ఆమెకు పనికొస్తుంది? ఇట్టాంటివి చేయించినవాళ్లు వివరంగా చెప్పండి.

కావలి_కార్యదర్శి

వందనాలు తమ్ముడూ. ముందు ఆమె మాట సంగతి తేల్చుకోండి. "దేవునికి మహిమ" అంటే వద్దన్నట్టూ కాదు, ఒప్పుకున్నట్టూ కాదు. సర్‌ప్రైజ్ మాత్రం పెట్టొద్దు. ఇట్టాంటి మనిషిని చెప్పకుండా ముందుకు పిలిస్తే తల వంచుకుని నిలబడతారు, పై వారం నుంచి వెనక వరసలోకి పోయి కూర్చుంటారు. పాస్టరమ్మ గాని, స్త్రీల సమాజం పెద్దావిడ గాని ఇంటికెళ్లి విడివిడిగా అడగాలి. సంఘం ముందు పేరు చదవచ్చా? చీర పెట్టొచ్చా? ఫోటో తీయొచ్చా? ఆ ఫోటో ఫేస్‌బుక్కులో పెట్టొచ్చా? ఒకదానికి సరేనంటే నాలుగింటికీ సరేనన్నట్టు లెక్కేసుకోకండి. ఫోటో సంగతి మరీను. చర్చి ఫ్లెక్సీ మీద మొహం పడితే చుట్టాల్లోనో, కుల సర్టిఫికెట్ల దగ్గరో ఇబ్బంది పడే కుటుంబాలు మన జిల్లాల్లో ఉన్నాయి. వద్దంటే కారణం అడక్కండి.

మత్తయి 6:3 ఎత్తుకునే పెద్దమనిషి ప్రతి కమిటీలో ఒకరుంటారు, కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదంటారు. ఆ మాట చేసేవాళ్లకు. చూసేవాళ్లు నోరు మూసుకోమని అందులో లేదు. బైబిల్లోనే రోమా పత్రిక 16వ అధ్యాయం మొదటి రెండు వచనాలు తీసి చూపించండి. పౌలు ఫీబే అనే సంఘ పరిచారకురాలి పేరు పెట్టి, ఏ ఊరి సంఘమో చెప్పి, ఏం చేసిందో చెప్పి, ఆమెకు ఏం కావాలన్నా సాయం చేయమంటాడు. మీ కార్యక్రమానికి ఆ రెండు వచనాల వరసే చాలు: పేరు, పని, ఆమెకు మనం చేయాల్సింది. మూడోది అందరూ మర్చిపోతారు.

పత్రం రాయక ముందు ఆమె పనిని లెక్కగట్టండి. "వేలాదిమందికి అన్నం పెట్టిన" అని రాస్తే ఊళ్లోవాళ్లే నవ్వుతారు. గుప్పెడు బియ్యం అంటే పెద్దవాళ్ల చేతికి సుమారు 40 నుంచి 50 గ్రాములు. రోజుకు రెండు పూటలు తీసి పెడితే నెలకు ఇంటికి రెండున్నర నుంచి మూడు కేజీలు. 70 ఇళ్లలో సగం ఇళ్లు క్రమంగా తీశాయనుకున్నా నెలకు 85 నుంచి 105 కేజీలు. అంటే ఇంటికి పది కేజీల చొప్పున ఎనిమిది నుంచి పది ఇళ్లకు సరిపోతుంది. ఆమె దగ్గర నోటు పుస్తకం ఉంటే అందులో అంకె వేయండి. లేకపోతే ఈ లెక్క ఆమెకు వినిపించి "ఇంతే ఉంటుందా అక్కా" అని అడిగి, ఆమె తగ్గించి చెప్పిన అంకే రాయండి.

పేషెంట్ల లెక్కకు ఆశా కార్యకర్తను, సచివాలయంలో ఏఎన్ఎంను అడగండి. పిల్లల సంగతి స్కూలు హెడ్మాస్టరు చెబుతారు. సంఘం బయట వాళ్లు చెప్పింది ఒక్కటన్నా పత్రంలో ఉంటే దాని విలువ వేరు. రోగాల పేర్లు, రోగుల పేర్లు మాత్రం ఎక్కడా రాకూడదు.

డబ్బు విషయం. చర్చి జనరల్ ఫండు నుంచి తీయొద్దు, తర్వాత ఆడిట్‌లో అదొక రచ్చ. కమిటీలో తీర్మానం రాసి, ప్రత్యేక కానుకగా రెండు ఆదివారాలు కవర్లు తిప్పండి. ఇద్దరు కూర్చుని లెక్కపెట్టి, ఇద్దరూ సంతకం పెట్టి, ఆ అంకె అదే రోజు చదివేయండి. ఆమె చుట్టాలెవరన్నా కమిటీలో ఉంటే ఈ తీర్మానం వరకు పక్కన కూర్చోవాలి.

డీటీపీ_ఒంగోలు

పత్రం సంగతి నేను చెప్తా అన్నా.

ఫ్లెక్సీ మీదైనా పత్రం మీదైనా "వాలంటీర్" అనే మాట వేయొద్దు. 2019 నుంచి మన రాష్ట్రంలో ఆ మాటకు గ్రామ వాలంటీరు అనే అర్థమే. 2021 నుంచి వాళ్లకు సేవామిత్ర, సేవారత్న, సేవావజ్ర అని పురస్కారాలు కూడా ఇచ్చారు. మీరు "ఉత్తమ వాలంటీర్" అని వేస్తే బజార్లో పోయేవాడు పార్టీ లెక్కలు తీస్తాడు. "సేవారత్న" కూడా వద్దు. "సంఘ పరిచారకురాలు" అంటే సరిపోతుంది. మీ సంఘంలో అదొక పదవి పేరైతే "స్వచ్ఛంద సేవకురాలు" అని పెట్టుకోండి.

సైజు ఏ4 చాలు. 300 జీఎస్‌ఎం ఆర్ట్ కార్డు మీద ప్రింటు. ఏ3 అయితే ఫ్రేము పెద్దదై పల్లె ఇంట్లో గోడ దొరకదు, బీరువా మీద పడుకుంటుంది. లామినేషనూ ఫ్రేమూ రెండూ వద్దు, లామినేషన్ మీద అద్దం పెడితే లైటు పడి అక్షరం కనపడదు. ఫ్రేముకి వెనక ప్లైవుడ్ ముక్క అడగండి. అట్ట పెడితే సముద్రపు గాలికి ఒక్క వానాకాలంలో ఉబ్బుతుంది.

అసలు గొడవ అక్షరాల్లో. మీరు వాట్సాప్‌లో పంపేది యూనికోడ్. మా షాపుల్లో సగం పని ఇంకా అను ఫాంట్లలోనే, అవి యూనికోడ్ కాని పాత డీటీపీ అక్షరాలు. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మార్చేటప్పుడు వత్తులు ఎగిరిపోతాయి. క్ష, జ్ఞ, స్త్రీ, ర వత్తు ఉన్న మాటలు ముందు చూడండి. మీరు పంపిన మెసేజిని పదిసార్లు చదివి లాభం లేదు, మార్చాక తీసిన కాగితం ప్రూఫు చదవాలి. ఇద్దరు చదవాలి. ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు మీ రాతప్రతిలో వేలు పెట్టి చూడాలి.

సన్మాన పత్రాల్లో ప్రాణం తీసే తప్పు ఒకటుంది. "కృతజ్ఞతతో" అనాల్సిన చోట "కృతఘ్నతతో" పడుతుంది. జ్ఞ పోయి ఘ్న వస్తే మేలు మరిచినవాళ్లం అని మనమే సంతకం పెట్టి ఇచ్చినట్టు. భయమైతే "వందనాలతో" అని రాసేయండి, గొడవ లేదు. ఇంటిపేరు ఆధార్ చూసి వేయండి. కానీ ఊళ్లో పిలిచే పేరు వేరే ఉంటే బ్రాకెట్లో అదీ వేయండి, అందరికీ తెలిసింది అదే కదా.

తేదీ, సంతకాలు: పాస్టరు గారు, కార్యదర్శి, స్త్రీల సమాజం తరఫున ఒకరు. మూడు చాలు. పదకొండు సంతకాలకు చోటు వదిలితే రాసే చోటు పోతుంది. కమిటీలో ఎవరు అలిగినా సరే, ఇక్కడ గట్టిగా ఉండండి.

ఉలవపాడు_టీచరమ్మ

పత్రంలో మాటల గురించి. "సేవాతత్పరురాలు, నిస్వార్థ హృదయులు, కరుణామూర్తి" అని మొదలుపెడితే ఆ కాగితం ఎవరికైనా ఇవ్వొచ్చు, పేరొక్కటి మారిస్తే సరి. మన ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారి పేరు ఇప్పటికీ ఎందుకు చెప్పుకుంటారు? 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి చూపించారు కాబట్టి. ఆయనకు ఏ విశేషణం తగిలించారో ఎవరికీ గుర్తు లేదు, కాలువ మాత్రం గుర్తుంది. అట్టని మీ పత్రంలో మొదటి సగం దొరగారి చరిత్ర, 1878 జూలై 3న 2,222 మంది బాప్తిస్మాలు అని నింపి, చివర్లో ఆ అక్కకు రెండు లైన్లు పెట్టకండి. వార్షికోత్సవ సంచికల్లో ఎప్పుడూ జరిగేది అదే.

ఇట్టా ఉంటే చాలు, అంకెలు మీవి వేసుకోండి:

"ప్రతి శనివారం సాయంత్రం ఇంటింటికీ తిరిగి గుప్పెడు బియ్యం పోగుచేసి, ఆదివారం ఆరాధన అయ్యాక తూచి, సోమవారం పొయ్యి వెలిగే వేళకు పది ఇళ్లకు చేర్చినందుకు, ఒంగోలు పెద్దాసుపత్రిలో చీటీ ఎక్కడ రాయించాలో, ఏ గది ముందు కూర్చోవాలో తెలియని వాళ్ల పక్కన నిలబడినందుకు, ఎవరు ఏ దేవుణ్ని మొక్కుతారో అడగకుండా వెళ్లినందుకు, ఎనిమిదో ఎక్కం దగ్గర ఆగిపోయిన పిల్లల్ని పన్నెండు దాటించినందుకు, సహోదరి ఫలానా గారికి మా సంఘం వందనాలతో."

చదవడానికి నిమిషం పట్టదు. పద్మ అవార్డుల నామినేషనుకే 800 మాటలకు మించి రాయొద్దంటారు, ఊరి పత్రానికి 60 చాలు. దీన్ని చదివేది కూడా పాస్టరు గారు కాకుండా ఆమె దగ్గర చదువుకున్న పిల్లో పిల్లాడో అయితే బాగుంటుంది. నాలుగు రోజుల ముందు కాగితం చేతికిచ్చి మైకు ముందు రెండుసార్లు చదివించండి.

సాయం పొందినవాళ్లను మాత్రం సాక్ష్యం చెప్పమని ముందుకు పిలవొద్దు. బియ్యం తీసుకునే ఇల్లు ఏదో ఊరంతటి ముందు చెప్పించినట్టవుతుంది. వాళ్లు మళ్లీ బియ్యం తీసుకోరు, ఆమె పని మీరే చెడగొట్టినట్టు.

ఇక ఇచ్చేవి. శాలువా ఒంగోలు ఎండల్లో ఎవరు కప్పుకుంటారు? దాని బదులు తెల్ల నేత చీర. ఆదివారం ఆరాధనకు కట్టుకుంటారు. చీరాల దగ్గరే. పూలదండ మీ సంఘంలో ఒప్పుకుంటారో లేదో ముందే కనుక్కోండి, మనిషికి దండ వద్దనే సంఘాలు ఉన్నాయి.

మిగతా డబ్బు ఆమె పని తేలికయ్యే వాటికి పెట్టండి. బస్ పాస్ ఆలోచన వద్దు, 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. ఖర్చయ్యేది బస్టాండు నుంచి ఆసుపత్రికి ఆటో, మగ పేషెంటుకు టికెట్, మధ్యాహ్నం భోజనం. నెలకు 500 చొప్పున ఏడాదికి 6,000 "ఆసుపత్రి సంచి" అని విడిగా పెట్టి, నెల మొదట్లో చేతికివ్వండి. లెక్క అడగొద్దు, ఆమే చెబుతారు. బీపీ మిషను కొనిద్దామని ఎవరో ఒకరు అంటారు చూడండి, ఒప్పుకోకండి. ఆమె నర్సు కాదు. అంకె చూసి మాత్ర వేసుకోవాలో మానాలో ఆమెనే అడగడం మొదలుపెడతారు, అది ఆమె మెడకు చుట్టుకుంటుంది.

బియ్యానికి మూత గట్టిగా పట్టే డ్రమ్ములు రెండు. ఒకటి చాలదు. గుప్పెడు బియ్యంలో సన్నబియ్యం, రేషన్ బియ్యం కలిసి వస్తే ఒకటి ఉడికేసరికి ఇంకోటి చిమిడిపోతుంది, తీసుకునేవాళ్లు బాగా లేవనుకుంటారు. పోగుచేసేటప్పుడే రెండు సంచులు పట్టుకెళ్లి వేరుగా పోయించాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గాలి చెమ్మకు పురుగు పడుతుంది. నీడన ఆరబెట్టిన వేపాకు గుడ్డలో మూటకట్టి మధ్యలో పెట్టాలి. పాత బియ్యం అడుగున ఉండగా కొత్తవి పైన పోయకూడదు.

ఇంకోటి. ఆమె రోజూ రోడ్డు మీద తిరిగే మనిషి. బ్యాంకు ఖాతాలో ప్రధానమంత్రి సురక్షా బీమా ఉందో లేదో చూడమనండి. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు. 18 నుంచి 70 ఏళ్ల వాళ్లందరికీ. ఖాతాలో 20 రూపాయలు లేక మే నెలాఖరున కట్ కాకపోతే జూన్ 1 నుంచి బీమా ఉండదు. సన్మానం లెక్కలోకి రాదులెండి, కానీ ఎవరూ చూసి ఉండరు.

నెల్లూరు_పెన్న

ఒక్క మాట చెప్పి పోతా. సన్మానం వార్త బయటికి రాగానే ఫోన్లు వస్తాయి. "మీ సిస్టర్‌కి నేషనల్ అవార్డు, గౌరవ డాక్టరేట్ ఇస్తాం, రిజిస్ట్రేషన్ ఫీజు ఇంత" అని. గౌనూ టోపీ కూడా వాళ్లే ఇస్తారంట. డబ్బు అడిగే అవార్డు అవార్డు కాదబ్బా. యూజీసీ వాళ్లు నకిలీ విశ్వవిద్యాలయాల జాబితా వెబ్‌సైటులో పెడతారు, మన రాష్ట్రం నుంచి కూడా అందులో పేర్లున్నాయి. డబ్బు కట్టే ముందు ఆ జాబితా చూడండి.

సర్కారు గుర్తింపు కావాలంటే జనవరి 26, ఆగస్టు 15న కలెక్టర్ ఇచ్చే ప్రశంసా పత్రాలకు ప్రయత్నించొచ్చు. పేర్లు శాఖల నుంచి పోతాయి కాబట్టి ఎంపీడీఓకో తహశీల్దారుకో రెండు నెలల ముందే అర్జీ, వెనకాల బియ్యం పుస్తకం జిరాక్సు, హెడ్మాస్టరు లెటరు ఇవ్వండి. అర్జీలో చర్చి పని రాయొద్దు, ఊరికి చేసిన పని రాయండి. పద్మకైతే ఎవరైనా ఆన్‌లైన్లోనే పేరు పంపొచ్చు, ఖర్చు లేదు.

సింగరాయకొండ_యూత్

అందరికీ చాలా థాంక్స్. అక్కను అడిగించాం. పేరు చదవడానికి సరే, చీరకు సరే, ఫోటో సంఘంలో వరకే అన్నారు. ఫ్లెక్సీ వద్దన్నారు, పెద్దలు కాస్త నీరసపడ్డారు.

తేదీ మీద రెండు మాటలున్నాయి. కొందరు డిసెంబరు 5, ప్రపంచ స్వచ్ఛంద సేవకుల దినం అంటున్నారు. కొందరు క్రిస్మస్ రోజే పెడితే జనం ఉంటారంటున్నారు. ఇంకో ఇబ్బంది, ఎమ్మెల్యే గారిని పిలవాలని ఒక పెద్దాయన పట్టు. ఇంకా చెప్పాలంటే కుర్చీలు వేసేవాళ్లు, క్వయిర్ వాళ్లు "మేం చేసేది సేవ కాదా" అని గొణుగుతున్నారు.

కావలి_కార్యదర్శి

డిసెంబరు 5 ఐక్యరాజ్యసమితి 1985లో పెట్టిన రోజు, మంచిదే. కాకపోతే మన కోస్తాకు అది తుపాన్ల కాలం. 2023లో మిచౌంగ్ సరిగ్గా డిసెంబరు 5నే బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆరుబయట పందిరి వేసే ఆలోచన ఉంటే ఆ నెల మర్చిపోండి. క్రిస్మస్ రోజు జనం ఉంటారు గానీ వినరు, కొత్తబట్టలు, కేకులు, బయటూరి చుట్టాలు. మార్చి మొదటి శుక్రవారం ప్రపంచ ప్రార్థనా దినం, ఆరోజు కార్యక్రమం ఆడవాళ్లదే. ఆ వారం ఆదివారం పెట్టుకోండి. ఎక్కువ ఏళ్లు శ్రమల దినాల్లో (ఈస్టరుకు ముందు ఉపవాస కాలం) పడుతుంది కాబట్టి బిర్యానీ వద్దని మీ పెద్దలే అంటారు, డబ్బు మిగులుతుంది. లేదంటే కోత పండుగ, బియ్యం పనికి అది ఇంకా సరిపోతుంది.

ఆరాధన మధ్యలో ఇరికించొద్దు. ఆశీర్వాదం అయ్యాక అందరినీ కూర్చోమని 20 నిమిషాలు. ప్రార్థన, పత్రం చదవడం, చీర, సంచి, ఆమె మాట్లాడితే మాట్లాడతారు లేకపోతే లేదు, టీ. "రెండు మాటలు చెప్పండమ్మా" అని మైకు మూతికి పెట్టకండి.

ఎమ్మెల్యే గారొస్తే ఆయన టైముకు సంఘమంతా కూర్చోవాలి, అవతలి పార్టీ వాళ్లు రారు. ఆ పెద్దాయనకు ఇట్టా చెప్పండి: ఆమె బియ్యం ఇచ్చేటప్పుడు పార్టీ అడగలేదు, మనం ఎందుకు చూపించాలి. హెడ్మాస్టరును, ఆశా కార్యకర్తను ముందు వరసలో కూర్చోబెట్టండి.

గొణుగుడు సంగతి తేలిగ్గా తీసుకోకండి. అది వాళ్ల తప్పు కాదు, ఎందుకు ఎంచుకున్నారో చెప్పకపోతే మీ తప్పు. ఆరోజు చదివే కాగితంలో మొదట కుర్చీలు, క్వయిర్, మైకు, ఊడ్పు చేసేవాళ్లందరి పేర్లు చదవండి, ఒక్కరు మిస్సయినా నెల గొడవ. ఆ జాబితా వారం ముందు నోటీసు బోర్డుకు అంటించి "మీ పేరు లేకపోతే చెప్పండి" అని రాయండి. ఆ తర్వాతే అక్క పత్రం. ఊరి జనం కోసం బయట చేసే పనిని గుర్తిస్తున్నాం అని ఒక్క వాక్యం చాలు.

ఉలవపాడు_టీచరమ్మ

తమ్ముడూ, ఒకటి మర్చిపోయాను. ఆమె చేసే మూడు పనులకూ రెండో మనిషి ఎవరు? ఆసుపత్రిలో ఏ రోజు ఏ డాక్టరు, ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటరు ఎక్కడ, రేషన్ కార్డు ఒరిజినల్ ఎప్పుడు అడుగుతారు, ఇదంతా ఆమె తలలో ఉంది. యూత్ నుంచి ఇద్దరమ్మాయిలు నాలుగు వారాలు వెంట తిరిగి ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. సన్మానం రోజునే "మే నెల అక్కకు సెలవు, ఈ ఇద్దరు చూసుకుంటారు" అని చెప్పేయండి. చీర కంటే దీనికి ఆమె ఎక్కువ సంతోషపడొచ్చు, లేదా మొదట ఒప్పుకోకపోవచ్చు. సెలవు తీసుకోవడం ఆమెకు అలవాటు లేదు కదా, బతిమాలాలి.

సింగరాయకొండ_యూత్

ఇద్దరమ్మాయిలు సరే అన్నారు. కోత పండుగకు ఖాయం చేశాం. లెక్క ఇట్టా వేశాం: చీర 2,500, ఆసుపత్రి సంచి 6,000, డ్రమ్ములు రెండు 2,000, తూకం మిషను 1,500, పత్రం ఫ్రేముతో 800. మొత్తం 12,800. మిగిలిన 2,200 టీ, బిస్కెట్లు, సమోసా. తూకం మిషను ఎట్టాంటిది తీసుకోవాలి? కొక్కేనికి వేలాడదీసేదా, కింద పెట్టేదా?

ఉలవపాడు_టీచరమ్మ

కింద పెట్టేది. వేలాడేదైతే సంచి పైకెత్తి పట్టుకోవాలి, యాభై దాటిన చేతులకు పది కేజీలు పది సార్లు ఎత్తడం ఎందుకు. కొనే ముందు షాపులోనే ఒక కేజీ ఉప్పు ప్యాకెట్లు ఐదు తెప్పించి పెట్టి చూడండి. ఒక్కొక్కటీ పెట్టేకొద్దీ అంకె సరిగ్గా పెరగాలి, అన్నీ తీశాక సున్నాకు రావాలి. ప్లాస్టిక్ కవరు బరువుకు నాలుగైదు గ్రాములు తేడా వస్తే పట్టించుకోకండి. కరెంటు లేనప్పుడు కూడా పనిచేసే బ్యాటరీది అడగండి. ఇచ్చేటప్పుడు ఖాళీ బకెట్టు పెట్టి టేర్ బటన్ (బకెట్టు బరువు తీసేసి సున్నా చేసేది) నొక్కడం చూపించండి. నొక్కకుండా తూస్తే ప్రతి ఇంటికీ బకెట్టు బరువంత బియ్యం తగ్గిపోతుంది.